మూడేళ్ల పిల్లల కొలతకు మన ఆటలు: ఇంట్లో ఎలా ఆడించాలి

తొక్కుడుబిళ్ల, నేలా బండా, దాగుడుమూతలు, ఒప్పులకుప్ప... ఇవన్నీ మనకు తెలిసిన ఆటలే. కానీ మూడు నాలుగేళ్ల బిడ్డతో ఆడదామని కూర్చుంటే అయిదు నిమిషాల్లో వ్యవహారం చెడుతుంది. బిడ్డ గీత తొక్కేస్తుంది, బిళ్ల ఎత్తుకుని పారిపోతుంది, లేదా ఏడుస్తుంది. తప్పు బిడ్డది కాదు. అవి ఏడెనిమిదేళ్ల పిల్లలు వీధిలో గుంపుగా ఆడుకున్న ఆటలు. అప్పట్లో చిన్నవాళ్లని ‘ఆటలో అరటిపండు’ అని చేర్చుకునేవాళ్లు. వాళ్లు ఔటైనా లెక్కలేదు, గీత తొక్కినా లెక్కలేదు. పెద్దపిల్లల వెంట పరిగెత్తుతూనే ఒంటికి కావాల్సిందంతా నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఆ బిడ్డ ఒక్కర్తే. అందుకని ఆటని ఆమె కొలతకు కుదించే పని మనమీద పడింది. ఆ కుదింపు ఎలాగో చెప్పడానికే ఇదంతా. కొనాల్సిన సామాను దాదాపు ఏమీ లేదు.

ఎంతసేపు ఆడించాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలి. అందులో కనీసం 60 నిమిషాలు ఒక మోస్తరుగానో, బాగానో ఆయాసం వచ్చే ఆట కావాలి. ఫోన్, టీవీ ముందు కూర్చోవడం గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది.

180 అనగానే గుండె ఝల్లుమంటుంది గానీ, అది ఒక్క బిగిన అయ్యేది కాదు. మెట్లు ఎక్కడం, ఉతికిన బట్టలు బకెట్‌లోంచి ఒక్కొక్కటీ అందించడం, స్నానానికి పరిగెత్తడం అన్నీ లెక్కే. మీరు ప్రత్యేకంగా కూర్చుని ఆడించేది పొద్దున పావుగంట, సాయంత్రం అరగంట ఉన్నా మిగతాది బిడ్డే చూసుకుంటుంది, అడ్డు చెప్పకపోతే. ఎల్‌కేజీలో రోజంతా బల్ల మీద కూర్చుని, వ్యాన్‌లో కూర్చుని వచ్చిన పిల్లలకైతే ఆ సాయంత్రపు అరగంట అన్నం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. హోంవర్క్ దాని తర్వాతే.

ముందు చోటు చూసుకోండి

హాల్లో టీపాయ్ గోడకి జరిపితే ఎనిమిదడుగుల చోటు వస్తుంది. అది చాలు. టీవీ స్టాండు మూలలు బిడ్డ నుదుటి ఎత్తులో ఉంటాయి కాబట్టి ఆట అటువైపు సాగకుండా దిశ పెట్టుకోండి. నున్నటి టైల్స్ మీద సాక్సులు వద్దే వద్దు, ఒట్టి కాళ్లే మంచివి. కాలి వేళ్లు నేలని పట్టుకోవడం నేర్చుకునేది ఒట్టి కాళ్లతోనే. తడిగుడ్డ పెట్టిన నేల పూర్తిగా ఆరాకే మొదలుపెట్టండి. సీలింగ్ ఫ్యాన్ కింద బిడ్డని గాల్లోకి ఎత్తి ఆడించకండి. కిటికీ పక్కన మంచం ఉంటే దానిమీద గంతులు నిషేధం, గ్రిల్ ఉన్నా సరే.

బయట ఆడేటట్లయితే మన ఎండల్లో పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం అయిదున్నర తర్వాత. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద గచ్చు సాయంత్రం ఆరింటికి కూడా కాలుతూనే ఉంటుంది. ముందు మీ అరచేయి ఆనించి చూడండి. కడుపునిండా తిన్న వెంటనే గంతులు వద్దు, ముప్పావుగంట ఆగండి.

ఔట్ అనే మాట తీసేయండి

ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటాను. అయిదేళ్లలోపు పిల్లల ఆటలో ఔట్ ఉండకూడదు. ఎందుకంటే ముందు ఔటయ్యేది సరిగ్గా ఎగరలేని, నిలవలేని బిడ్డే. అంటే ఎక్కువసేపు ఆడాల్సిన బిడ్డనే మనం గోడవారకి కూర్చోబెడుతున్నాం. బాగా ఆడగలిగే పిల్ల ఆడుతూ ఇంకా బాగుపడుతుంది, కూర్చున్న పిల్ల అక్కడే ఉండిపోతుంది. గీత తొక్కితే ‘మళ్లీ మొదటి గడి నుంచి’ అనండి. అది శిక్ష కాదు, ఇంకోసారి ఎగిరే అవకాశం. పుట్టినరోజు పార్టీల్లో పెట్టే కుర్చీలాటలోనూ కుర్చీలు తీసేయకుండా ఆడించండి, పాట ఆగినప్పుడు అందరూ కూర్చుంటారు, అందరూ నవ్వుతారు.

దీనికి తోడు ఇంకో పద్ధతి. బిడ్డ అయిదుసార్లు ప్రయత్నిస్తే మూడు నాలుగుసార్లు కుదిరేలా ఆట ఉండాలి. అయిదుకి అయిదూ కుదిరిపోతే ఒక మెట్టు ఎక్కించండి. ఒకటో రెండో మాత్రమే కుదిరితే ఒక మెట్టు దించండి. ఎక్కించినా దించినా ఒక్కటే మార్చాలి: దూరమో, ఎత్తో, వేగమో. రెండూ మూడూ ఒకేసారి మారిస్తే ఎక్కడ ఇబ్బంది పడుతోందో మీకూ తెలీదు, బిడ్డకీ తెలీదు.

తొక్కుడుబిళ్ల: అన్నిటికంటే పనికొచ్చే ఆట

ఒంటికాలి కుంటు సాధారణంగా నాలుగు, అయిదేళ్ల మధ్య వస్తుంది. రెండు కాళ్లూ కలిపి నేల వదిలి ఎగరడం రెండున్నరేళ్లకే చాలామందికి వచ్చేస్తుంది. ఈ రెండు సంగతులూ తెలిస్తే మూడేళ్ల బిడ్డకి తొక్కుడుబిళ్ల ఎందుకు రావడం లేదో, దాన్ని ఎలా కుదించాలో తెలిసిపోతుంది.

1. గీతలు. మెరిసే టైల్స్ మీద సుద్దముక్క పడదు. రంగులేసేవాళ్లు వాడే పేపర్ టేపు ఒక చుట్ట తెచ్చుకోండి. రెండు మూడు రోజుల్లో పీకేస్తే నేల మీద జిగురు మిగలదు. బయటైతే సుద్దముక్క, ఇటుకముక్క ఏదైనా సరే. ముగ్గుపిండి మాత్రం వద్దు, ఒట్టి కాలి కింద జారుతుంది.

2. గడులు. ఎనిమిది గడులు వద్దు. వరసగా మూడే మూడు. ఒక్కో గడి అడుగు పొడవు, అడుగుంపావు వెడల్పు. చివర ఒక పెద్ద గుండ్రం గీసి దానికి బిడ్డ ఏ పేరు పెడితే ఆ పేరు పెట్టండి. అమ్మమ్మగారి ఇల్లు కావచ్చు, ఐస్‌క్రీమ్ కొట్టు కావచ్చు. ఎక్కడికో వెళ్తున్నానని తెలిస్తేనే మూడేళ్ల పిల్ల ఎగురుతుంది.

3. బిళ్ల లేకుండా మొదలుపెట్టండి. ముందు ఒక్కో గడిలో ఒక్కో అడుగు వేసుకుంటూ నడవడం. తర్వాత రెండు కాళ్లూ కలిపి గెంతడం. మీరు గుండ్రం దగ్గర ఎదురుగా గొంతుక్కూర్చుని చేతులు చాపండి. చెయ్యి పట్టుకుని లాగొద్దు. బిడ్డ వచ్చి చేరేదాకా ఆగండి.

4. దిగడం నేర్పండి. ఎగరడం కంటే దిగడమే కష్టం. మోకాళ్లు బిగబట్టి మడమల మీద ధబ్బున పడే పిల్లలు ఎక్కువ. ‘మోకాళ్లు వంచు’ అని చెబితే మూడేళ్ల బిడ్డకి అర్థం కాదు. ‘చప్పుడు రాకుండా దిగు చూద్దాం, కింద పాప నిద్రపోతోంది’ అనండి. చప్పుడు రాకూడదని ప్రయత్నిస్తే మోకాళ్లు వాటంతటవే వంగుతాయి, ముందు మునివేళ్లు తగులుతాయి. కింద ఫ్లాట్‌వాళ్లకీ ఉపకారమే.

5. వంగి తీయడం. గెంతడం కుదిరాక మధ్య గడిలో ఒక వస్తువు పెట్టండి. పక్క గడిలో నిలబడి వంగి దాన్ని తీసుకోవాలి. పగిలిన పెంకు అంచు కోసుకుంటుంది కాబట్టి దాని బదులు పిడికెడు మినుములు పోసి నాలుగువైపులా గట్టిగా కుట్టిన చిన్న గుడ్డసంచి వాడండి. అది దొర్లిపోదు, విసిరిన చోటే పడుతుంది. కుట్టు ఊడకుండా చూసుకోండి, మూడేళ్లలోపు పిల్లలు గింజలు ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు.

6. ఒంటికాలు. నాలుగేళ్లు దాటాక ఒక్క గడిలో మాత్రమే కుంటు, మిగతా రెంటిలో రెండు కాళ్లు. ముందు గోడ పట్టుకుని కుంటనివ్వండి. కుడికాలు ముందు కుదురుతుంది, ఎడమకాలికి ఇంకొన్నాళ్లు పట్టొచ్చు. కొందరికి తారుమారుగా కూడా. రోజూ రెండు కాళ్లకీ వంతు ఇవ్వండి.

7. బిళ్ల విసరడం అయిదేళ్ల దగ్గర. ఆ తర్వాత గడులు నాలుగు, ఆరు, ఎనిమిది. అప్పటికి మీ అవసరం ఉండదు.

నాలుగో మెట్టు దగ్గర చాలారోజులు ఆగినా ఫర్వాలేదు. బాగా దిగడం వచ్చిన బిడ్డకి తర్వాత మెట్లూ, స్కూల్లో జారుడుబల్లా, గోడలూ అన్నిటి దగ్గరా అదే కాపాడుతుంది.

ఒక చోటి నుంచి ఇంకో చోటికి: జంతువుల నడక

ఇది ఆటలా కాకుండా ఇంటిపనిలో కలిపేయండి. స్నానానికి రమ్మంటే రాని బిడ్డ ‘ఇవాళ ఏనుగు స్నానానికి వస్తుందా, కప్ప వస్తుందా?’ అంటే వస్తుంది.

ఏనుగు అంటే నడుం వంచి, రెండు చేతులూ కలిపి తొండంలా ఊపుకుంటూ బరువుగా నడవడం. కప్ప అంటే గొంతుక్కూర్చుని అరచేతులు నేలకానించి ముందుకి గెంతడం. ఎలుగుబంటి చేతులూ కాళ్లూ నేలమీదే ఉంచి పిరుదులు పైకెత్తి నడుస్తుంది. పీత మరీ కష్టం: వెనక్కి చేతులానించి, పొట్ట పైకి చూసేలా పక్కకి పాకాలి. నాలుగేళ్లు దాటాకే అడగండి. కొంగ కదలదు, ఒంటికాలి మీద నిలబడి చేప కోసం చూస్తుంది. మూడేళ్లకి కొంగ ఒకటి రెండు క్షణాలు నిలిస్తే గొప్పే. అయిదేళ్లకి ‘చేప వచ్చింది’ అని మీరు అనేదాకా నిలుస్తుంది.

వీటిలో ఎలుగుబంటి, పీతల మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. ఒంటి బరువు అరచేతుల మీద పడినప్పుడు భుజాలు, మణికట్లు గట్టిపడతాయి. తర్వాత పెన్సిల్ పట్టుకుని రాయడానికి ఆ గట్టిదనం కూడా పనికొస్తుంది. మూడేళ్ల బిడ్డ చేత అక్షరాలు దిద్దించాలని తొందరపడే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒకటే: ముందు హాల్ ఈ చివరి నుంచి ఆ చివరికి ఎలుగుబంటిలా నడిపించండి.

మీరూ వంగి నడవండి. నడుంనొప్పి ఉంటే తాతయ్యలా కుర్చీలో కూర్చుని ఏ జంతువో పిలిచే పని తీసుకోండి. సోఫాలో ఫోన్ చూస్తూ ‘కానీ, కానీ’ అంటే మాత్రం బిడ్డ రెండో నిమిషంలో మానేస్తుంది.

కంచం మోగినంతసేపూ: స్టాచ్యూ

ఒక స్టీలు కంచం, ఒక గరిటె. మోగినంతసేపూ గెంతాలి, ఆగగానే బొమ్మలా నిలబడాలి. దీన్ని స్టాచ్యూ అని మన పిల్లలు ఎప్పటినుంచో ఆడుతున్నారు. చిన్నవాళ్లకి మార్చాల్సింది రెండే. ఒకటి, ఆగే సమయం రెండు మూడు క్షణాలే. కదిలాడా లేదా అని తనిఖీ చేయొద్దు. రెండు, మోత తీరు మార్చండి: మెల్లగా కొడితే మెల్లగా నడక, గబగబా కొడితే పరుగు. చెవితో విని ఒంటిని అదుపులో పెట్టుకోవడమే ఇక్కడ అసలు పని. రోడ్డు పక్కన ‘ఆగు’ అన్నప్పుడు ఆగడం ఇక్కడి నుంచే వస్తుంది. కొద్ది రోజులయ్యాక గరిటె బిడ్డ చేతికిచ్చి మీరు గెంతండి. తన చేతిలో అమ్మా నాన్నా ఆగిపోతున్నారంటే ఆ ముఖం చూడాలి.

నేలా బండా

‘నేల కావాలా, బండ కావాలా’ అని దొంగని అడుగుతారు. దొంగ ఎంచుకున్నది దొంగది, మిగతావాళ్లు రెండోదాని మీద ఉండాలి, దొంగ చోటులోకి వస్తే పట్టుబడతారు. పట్టుకునేవాడూ తప్పించుకునేవాళ్లూ అన్న లెక్క మూడేళ్లవాళ్లకి బుర్రకెక్కదు. అందుకని పట్టుకోవడం తీసేసి బండలు మాత్రం ఉంచండి. కింద రబ్బరు ఉన్న, కాళ్లు తుడుచుకునే పట్టలు నాలుగైదింటిని ఒక్కో అడుగు దూరంలో పరిచి, నేల తగలకుండా ఒకదాని మీంచి ఒకదాని మీదకి అడుగేయమనండి. దిళ్లు, మడతపెట్టిన దుప్పట్లు టైల్స్ మీద జారతాయి, వాటిని వాడొద్దు. తర్వాత ఒక బండ కాస్త ఎత్తు పెట్టండి, వంటింట్లో కూర్చునే చెక్కపీట సరిపోతుంది. పీట ఎక్కి దిగడం బాగా అలవాటయ్యాక, ‘నేల’ అనగానే కిందికి దిగాలి, ‘బండ’ అనగానే ఎక్కాలి. నాలుగున్నర, అయిదేళ్లకి మీరు దొంగై వెంటపడండి. పార్కులో అయితే ఈ ఆటకి సాటి లేదు.

బంతి

విసరడం ముందు వస్తుంది, పట్టుకోవడం చాలా తర్వాత. పెద్ద బంతిని చాలాసార్లు పట్టుకోగలగడం నాలుగేళ్ల నాటి పని. గట్టి ప్లాస్టిక్ బంతి ముఖానికి తగిలిందంటే బిడ్డ ఆ తర్వాత నెలరోజులు కళ్లు మూసుకునే పట్టుకుంటుంది. కాబట్టి పాత పేపర్లు ఉండచుట్టి పైన మెత్తటి గుడ్డ బిగించి కట్టండి, తలకాయంత సైజులో.

కాళ్లు చాపుకుని ఎదురెదురుగా కూర్చుని దొర్లించడంతో మొదలు. తర్వాత బకెట్‌లో వేయించడం: బిడ్డ రెండడుగుల దూరంలో నిలబడాలి, పడిన కొద్దీ ఒక అడుగు వెనక్కి. పట్టుకోవడానికి ముందు చేతులు చాపించి వాటిమీదే మెల్లగా వేయండి. వేసే ముందు ‘ఒకటి, రెండు, మూడు’ అనడం మరవొద్దు. బెలూను మెల్లగా దిగుతుంది కాబట్టి పట్టుకోవడానికి బాగుంటుంది గానీ పగిలిన ముక్క గొంతులో అడ్డంపడితే ప్రాణం మీదకొస్తుంది. పెద్దవాళ్లు పక్కనుంటేనే ఆడనివ్వండి, పగిలిన ముక్కలు వెంటనే ఏరేయండి.

ఒప్పులకుప్ప విషయంలో జాగ్రత్త

చేతులు పెనవేసుకుని, వెనక్కి వాలి గిరగిరా తిరగడం పిల్లలకి ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. ఒకే ఈడు పిల్లలు ఆడుకుంటే ఇద్దరి బరువూ సమానం. పెద్దవాళ్లు చిన్నబిడ్డ చేతులు పట్టుకుని తిప్పితే మాత్రం ముప్పుంది. అయిదేళ్లలోపు పిల్లల మోచేతి దగ్గర ఎముకని పట్టి ఉంచే నరం లాంటి పట్టీ ఇంకా వదులుగా ఉంటుంది. చేయి చాపి ఉండగా గట్టిగా లాగితే ఆ ఎముక కీలులోంచి జరుగుతుంది. బిడ్డ చేయి కదపకుండా వేలాడేసుకుని, ముట్టుకుంటే ఏడుస్తుంది. అలా జరిగితే మీరు సర్దబోవద్దు, నూనె రాసి తిప్పించొద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. సాధారణంగా డాక్టర్ చేతిలో క్షణాల్లో సర్దుకుంటుంది. చెరో చేయీ పట్టుకుని బిడ్డని ఉయ్యాలలా ఊపుకుంటూ నడిచే అలవాటు ఉన్న అమ్మానాన్నలు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

తిప్పాలని ఉంటే చంకల కింద పట్టుకుని తిప్పండి. లేదా చేతులు వదులుగా పట్టుకుని, వాలకుండా, నడుస్తూ తిరగండి. అటు నాలుగు చుట్లు, ఇటు నాలుగు చుట్లు, మధ్యలో కళ్లు తిరగడం తగ్గేదాకా కూర్చోవడం. కొందరు పిల్లలకి తిరగడమంటే అసలు పడదు, ముఖం పాలిపోతుంది. వాళ్లని బలవంతపెట్టొద్దు.

దాగుడుమూతలు

మూడేళ్లవాళ్లు కర్టెన్ వెనక కాళ్లు కనిపించేలా దాక్కుని, పిలవగానే ‘ఇక్కడున్నా’ అంటారు. వెతికినట్టు నటించండి. ఆట మొదలుపెట్టే ముందు మాత్రం ఇల్లంతా ఒకసారి తిరగండి: వాషింగ్ మెషిన్ మూత, బీరువా తలుపు, బాత్‌రూమ్ బకెట్లో నీళ్లు, సంపు మూత, మేడమెట్ల తలుపు, కింద పార్క్ చేసిన కారు తాళం. కారులో దూరి తలుపు పడిపోయి ఊపిరాడక పిల్లలు పోయిన వార్తలు మన ఊళ్ల నుంచే ఎన్నో చదివాం. దాక్కోవడానికి వీలున్న గదులేవో ముందే చెప్పి, మిగతావి మూసేయండి.

ఆట ముగించడం

‘ఇక చాలు, రా’ అని లాక్కొస్తే ఏడుపే. గెంతే ఆట నుంచి కూర్చునే ఆటకి మెల్లగా దించాలి. దానికి కాళ్లాగజ్జీ ఉంది: అందరూ కాళ్లు చాపుకుని కూర్చుని, పాట పాడుతూ ఒక్కో కాలినీ తడుతూ వెళ్లి, పాట ఆగిన చోట ఉన్న కాలిని ముడవడం. కాళ్లన్నీ ముడుచుకునేసరికి ఊపిరి నెమ్మదిస్తుంది. నాయనమ్మకి, అమ్మమ్మకి మీకంటే బాగా వచ్చు, వాళ్లకి వదిలేయండి. చెమ్మచెక్క కూడా ఇక్కడే. చిన్నవాళ్లకి ముందు ఎదురు చేయికి ఎదురు చేయి, చేతులు అడ్డంగా మార్చి కొట్టడం నాలుగేళ్ల తర్వాత. ఆ తర్వాత మంచినీళ్లు.

ఇద్దరు పిల్లలుంటే

పెద్దదానికి ఎనిమిదేళ్లు, చిన్నవాడికి మూడేళ్లు అయితే ఇద్దరినీ ఒకే గీతల మీద వదలండి, నియమాలు మాత్రం వేరువేరు. అక్క ఒంటికాలితో బిళ్ల తోయాలి, తమ్ముడు రెండు కాళ్లతో గెంతాలి. గీతలు గీసే పని అక్కకివ్వండి, కంచం మోగించే పని తమ్ముడికి. ‘వాడు తొక్కాడు’ అని ఫిర్యాదు వస్తే వాడు అరటిపండని గుర్తుచేయండి.

డాక్టర్‌ని ఎప్పుడు అడగాలి

పిల్లలందరూ ఒకే నెలలో ఒకే పని చేయరు. పక్కింటి బిడ్డ కుంటుతోందని కంగారుపడొద్దు. కానీ మూడేళ్లు నిండినా రెండు కాళ్లతో ఎగరలేకపోతున్నా, ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తున్నా, ఒకవైపు చేయీ కాలూ మాత్రమే వాడుతున్నా, తరచూ పడిపోతున్నా, నేల మీంచి లేచేటప్పుడు తొడల మీద చేతులూని తనని తాను పైకి నెట్టుకుంటున్నా పిల్లల డాక్టర్‌కి చూపించండి. నిన్నటిదాకా చేసిన పని ఇవాళ చేయలేకపోతుంటే అసలు ఆలస్యం చేయకండి. వెళ్లేటప్పుడు బిడ్డ ఆడుతుండగా ఫోన్‌లో తీసిన ఒక నిమిషం వీడియో పట్టుకెళ్లండి, క్లినిక్‌లో చాలామంది పిల్లలు అమ్మ ఒళ్లోంచి దిగరు.